మీటరు కంటే ముందొచ్చే రాళ్ళు

తమ్ముడు సంచీ సర్దుకుంటున్నాడు. ముందు చొక్కాలు పెట్టాడు. వాటిని తీసేసి అడుగున చెప్పులు పెట్టి, మళ్ళీ చొక్కాలు పెట్టాడు. తువ్వాలు, గడ్డం గీసుకునే సామాను, రెండు పాత పంట్లాములు. అరలోంచి ఒక్కో వస్తువూ సంచీలోకి పోతుంటే అర మీద దుమ్ములో ఆ వస్తువు ఆకారం మిగిలిపోతోంది. గుమ్మంలో నిలబడిన టేపక్క సంచీ వైపు చూడటం లేదు, ఆ ఆకారాలనే చూస్తోంది. చివరికి మేకుకు వేలాడుతున్న ఉన్ని కోటు కూడా తీసి మడతపెట్టాడు. బయట ఎండలు మండిపోతున్నాయి. ఇప్పుడు ఉన్ని కోటు పెట్టుకున్న మనిషి చలికాలం దాకా రాడన్నమాట. 

పోయిన వారం భాగంలో వీళ్ళ ముగ్గురినీ భోజనాల బల్ల దగ్గర వదిలి వచ్చాం. ఆ బల్ల దగ్గర జరిగింది ఒక్కసారి తలుచుకుంటే గాని ఈ సంచీ సంగతి అర్థం కాదు.

టేపక్క వీధి మొగలో బట్టలు కుడుతుంది. మెడలో కొలతల టేపు లేకుండా ఆమెను చూసినవాళ్ళు లేరు గనుక ఆ పేరు వచ్చింది. ఆమె భర్తది ఇనుప సామాను కొట్టు. ఆయనకు ఒక పాత జీపు ఉంది. రాళ్ళూ బురదా ఇసుకా ఏది అడ్డొచ్చినా ఎక్కి దిగే బండి. రోజూ పొద్దున్నే అది కొండ మీది వాతావరణ కేంద్రానికి మనుషులనూ మంచినీళ్ళనూ చేరవేస్తుంది. మొదట్లో ఆయనే తోలేవాడు. కొట్టులో పని పెరిగాక, నాలుగు నెలల కిందట స్టీరింగు బావమరిది చేతికిచ్చాడు. జీపు డీజిలు ఎక్కువ తాగడం మొదలుపెట్టిందీ అప్పటినుంచే. లీటరుకు పన్నెండు కిలోమీటర్లు నడిచిన బండి తొమ్మిదికి పడిపోయింది. నిన్న అన్నం తింటూ తింటూ ఆయన నవ్వుతూనే ఒక మాట అన్నాడు.

“జీపు ఒక్కటే తాగితే ఇంత అవదు. దానికి తోడు ఇంకెవరో తాగుతున్నట్టున్నారు.”

నవ్వుతూ అన్న మాట కాబట్టి నవ్వి ఊరుకోవచ్చు. తమ్ముడు నవ్వలేదు. కంచంలో చెయ్యి కడుక్కుని లేచి, వేరే డ్రైవరును చూసుకోండి బావా, రేపు కొండకు ఒక్క ట్రిప్పు వేసి సాయంత్రం బస్సుకు వెళ్ళిపోతానన్నాడు. ఊహ తెలిసినప్పటినుంచీ బావను ‘నువ్వు’ అని పిలిచినవాడు ‘మీరు’ అన్నాడు. ఆ మాట విన్నప్పుడే టేపక్క చేతిలో గరిటె ఆగిపోయింది.

తల్లి పోయాక తమ్ముణ్ణి పెంచింది ఆమే. పెళ్ళయినప్పుడు సామానుతో పాటు తమ్ముణ్ణి కూడా వెంటబెట్టుకుని ఈ ఇంటికి వచ్చింది. ఆయన ఒక్కనాడు కాదనలేదు. బావా బావమరుదులు ఒకే దువ్వెనతో తల దువ్వుకున్నారు, ఒకరి చొక్కా ఒకరు వేసుకున్నారు. ఇప్పుడు వీళ్ళలో ఒకరు వెళ్ళిపోతే మిగిలినవాడి మొహం చూస్తూ ఆమె బతకాలి. ఆమె ఇంతవరకు చాలామందిని బస్సు ఎక్కించింది. కిటికీలోంచి చెయ్యి ఊపిన వాళ్ళందరూ వస్తామనే చెప్పారు. అందుకని బస్సు అన్న మాట వింటేనే ఆమెకు భయం.

నిజం చెప్పాలంటే ఆమెకు ఇంకో భయం కూడా ఉంది. తమ్ముడు నిజంగానే డీజిలు తీసి అమ్ముకున్నాడేమో. ఆ ఆలోచన వచ్చినందుకు తనను తానే తిట్టుకుంది. అడుగుదామంటే, అడగడమంటూ జరిగితే వాడు ఉన్నా పోయినట్టే. అడగకుండా తెలుసుకోవాలి. ఎలాగో ఆమెకు తెలియదు.

“ఒరేయ్, ఇన్నాళ్ళనుంచీ ఆ కొండ ఎక్కి దిగుతున్నావు గదా. నేను ఒక్కసారైనా చూడలేదు. ఇవాళ నన్ను కూడా తీసుకెళ్ళు.”

తమ్ముడు ఆశ్చర్యపోయాడు. “చూడటానికి ఏముందక్కా అక్కడ? గాలి, వాన కొలిచే గిన్నె, వాన మాస్టారు.”

“ఆ గిన్నే చూస్తాను.”

వాన మాస్టారు అంటే వాతావరణ కేంద్రంలో పనిచేసే ఆయన. వీధి మొగలో టిఫిను డబ్బా పట్టుకుని రోజూ జీపు కోసం నిలబడేవాడు. టేపక్క ముందు సీట్లో కూర్చోవడం చూసి మర్యాదగా వెనక సీట్లో సర్దుకున్నాడు.

జీపును అంత దగ్గరగా ఆమె ఎప్పుడూ చూడలేదు. పైకప్పు మీద భర్త స్వయంగా వెల్డింగు చేసిన ఇనుప చట్రం. దానిమీద అదనపు చక్రం, గొలుసు, పార, రెండు చెక్క పలకలు, పనిముట్ల పెట్టె. ఎప్పుడు ఏం అవసరమవుతుందోనని ఆయన ఒక్కోటి చేర్చుకుంటూ పోయాడు. బండి కాస్త వేగం అందుకోగానే ఆ చట్రంలోంచి గాలి ఈల వేయడం మొదలుపెట్టింది. కింద టైర్లు పెద్ద పెద్ద దిమ్మలతో రోడ్డును రాచుకుంటూ గుయ్యిమంటున్నాయి. ఆ టైర్లంటే ఆయనకు మహా ముద్దు. పాత బండ్ల సామాను అమ్మే వాడి దగ్గర కళ్ళబడగానే తెచ్చి బిగించాడు. ఏనుగు పాదాలని పేరు పెట్టాడు. కొట్టుకు ఎవరొచ్చినా మేకులు తూచేలోపు ఏనుగు పాదాల కథ చెప్పేవాడు.

ఊరి చివర వంతెన దగ్గర రోడ్డు పక్క కిలోమీటరు రాయి మీద సున్నా ఉంది. తమ్ముడు అక్కడ ఆగి, వేగం చూపే మీటరు కింద ఉన్న, దూరం కొలిచే చిన్న మీటరును కూడా సున్నాకు తిప్పాడు. కొండ దారిని అక్కడినుంచి కొలవడం బావ పెట్టిన పద్ధతట. వెళ్ళిపోయే రోజున కూడా ఆ పద్ధతి తప్పలేదు. అది చూసి టేపక్కకు మనసులో ఒక ముడి వదులైంది. డీజిలు దొంగిలించే వాడికి మీటరు మీద ఇంత భక్తి ఎందుకుంటుంది?

కొలతల మనిషి కళ్ళు కొలతల మీదికే పోతాయి. ఆమె చూపు చిన్న మీటరుకు, రోడ్డు పక్క రాళ్ళకు మధ్య తిరగసాగింది. మొదటి రాయి వచ్చింది. మీటరులో ఒకటి ఇంకా పూర్తిగా పైకి రాలేదు. రాయి దాటాక వచ్చింది. రెండో రాయి దగ్గరా అంతే. అయిదో రాయికి వచ్చేసరికి మీటరు నాలుగున్నర చూపిస్తోంది.

“ఈ రాళ్ళు ముందొచ్చేస్తున్నాయేమిట్రా?” అంది.

“పాతినవాళ్ళు ఎండకు తొందరపడి దగ్గర దగ్గరగా పాతి ఉంటార్లే అక్కా.”

ఎనిమిదో రాయి. తొమ్మిదో రాయి. టేపక్క సీటు అంచుకు జరిగి కూర్చుంది. పదకొండో రాయి పక్కనుంచి వెళుతుంటే మీటరు సరిగ్గా పది దగ్గర ఉంది. పాతినవాళ్ళు తొందరపడితే ఒక రాయి అటూ ఒక రాయి ఇటూ అవ్వాలి. అన్ని రాళ్ళూ ఒకే వైపు తొందరపడతాయా? ఆ సంగతే వాన మాస్టారును అడిగింది. ఆయన టిఫిను డబ్బాను గుండెకు హత్తుకుని కూర్చుని ఉన్నాడు.

“తప్పు అటూ ఇటూ పోతే మనిషిది అనుకుంటామమ్మా. ఎప్పుడూ ఒకే వైపు పోతే పరికరాన్ని అనుమానిస్తాం. మా దగ్గర అలాగే చూస్తాం” అన్నాడు. అంతలో మలుపు వచ్చింది, తమ్ముడు బ్రేకు తొక్కాడు, మాస్టారు నుదురు ముందు సీటుకు తగిలింది. “మీ తమ్ముడి పుణ్యమా అని ఈ సీటుకు రోజూ ఇరవై ముద్దులు పెడుతున్నాను” అని నుదురు రుద్దుకున్నాడు.

పరికరాన్ని అనుమానిస్తాం. ఆ మాట టేపక్క చెవిలో ఉండిపోయింది.

కిందటి ఏడు ఆమె కొట్టులో ఒక గడబిడ జరిగింది. ఒక బ్యాండు మేళం వాళ్ళకు కోట్లు కుట్టాల్సి వచ్చింది. మనుషులను మెడలోని పాత టేపుతో కొలిచింది. బట్ట కత్తిరించే వేళకు కొత్తగా కొన్న టేపు చేతికందితే దానితో కత్తిరించింది. తీరా తొడిగి చూస్తే అందరికీ చంకల్లో బిగుతే. బాకా ఊదే ఆయన ఊపిరి పీలిస్తే బొత్తాం ఎగిరి డప్పు మీద పడింది. తప్పు తన చేతిదనుకుని ఎంత ఏడ్చిందో. చివరికి రెండు టేపులనూ పక్కపక్కన పరిచి చూస్తే పాతది వేలెడు పొడుగు సాగి ఉంది. సాగిన టేపుకు గీతల మధ్య దూరం పెరుగుతుంది. అందుకని మనిషి ఎంత ఉన్నాడో అంతకంటే తక్కువే చెబుతుంది.

ఈ మీటరు కూడా ఉన్నదానికంటే తక్కువ చెబుతోంది. దేని టేపు సాగింది?

కొండ మీద జీపు ఆగగానే టేపక్క దిగి చక్రం ముందు కూర్చుండిపోయింది. వాన కొలిచే గిన్నె వైపు కన్నెత్తి చూడలేదు. మాస్టారు చూపించబోయి, ఆమె ధోరణి చూసి ఊరుకున్నాడు. ఆమె తమ్ముణ్ణి పిలిచి, మీటరుకు దూరం ఎలా తెలుస్తుందని అడిగింది. చక్రాలు తిరుగుతుంటే ఒక తీగ కూడా తిరుగుతుందని, ఆ తిరుగుళ్ళను బట్టి మీటరు కదులుతుందని వాడు చెప్పాడు. చక్రం ఎంత పెద్దదో ఆ తీగకు తెలుసా అని అడిగింది. తెలియదన్నాడు. అని, అక్క మొహం వైపు చూశాడు. చక్రం వైపు చూశాడు. మెల్లగా వచ్చి ఆమె పక్కనే గొంతుక్కూర్చున్నాడు.

“నాకు బండి ఇచ్చిన వారమే బావ ఈ టైర్లు బిగించాడక్కా” అన్నాడు.

దిగేటప్పుడు ఇద్దరూ రాళ్ళే చూశారు. దారి మధ్యలో తమ్ముడు ఒకసారి ఈల వేయబోయి ఆపేశాడు. సంచీ గుర్తొచ్చి ఉంటుంది.

ఇనుప కొట్టు వెనక దొడ్డిలో, జీపు నుంచి విప్పిన పాత టైర్లు గోడకు ఆనించి ఉన్నాయి. టేపక్క మెడలోంచి టేపు తీసి, నడుము కొలిచినట్టుగా ఒకదాని చుట్టూ తిప్పింది. టేపు చాలక మధ్యలో సుద్దతో గుర్తు పెట్టి మళ్ళీ తిప్పింది. తరవాత జీపు కిందికి వంగి, తమ్ముడు బండిని ముందుకు తోస్తుంటే ఏనుగు పాదం చుట్టూ కూడా కొలిచింది. రెండింటికీ జానెడు తేడా వచ్చింది. పెద్ద చక్రం ఒక్కసారి తిరిగితే జానెడు నేల ఎక్కువ దాటుతోంది. ఆ జానెడు మీటరులో ఎక్కడా లేదు. వంతెన నుంచి కొండ దాకా అలాంటి జానలు ఎన్ని పోయాయో ఆమె ఊహించుకోబోయి మానేసింది.

అప్పుడే కొట్టులోంచి ఆమె భర్త వచ్చాడు. చేతిలో తూకం రాయి ఉంది, దాన్ని ఎక్కడ పెట్టాలో మరిచిపోయి అలాగే నిలబడ్డాడు.

“ఏం కుడుతున్నావు జీపుకి? గౌనా?”

“కొలతలు తీసుకుంటున్నానండీ. మీ ఏనుగు పాదాలు పెద్ద పెద్ద అడుగులు వేస్తున్నాయి. మీటరు ఎన్ని అడుగులు పడ్డాయో చూస్తుంది గానీ, అడుగు ఎంత పొడుగో చూడదు. పదకొండు కిలోమీటర్లు నడిస్తే పదే అంటోంది. పొద్దుట నా కళ్ళతో చూశాను.”

ఆయన నవ్వాడు. “నీ టేపు సాగిపోయిందని నువ్వేగా చెప్పావు కిందటేడు. దానితోనా కొలవడం?”

“సాగిన టేపే. రెండు టైర్లనూ దానితోనే కొలిచాను. సాగితే రెండింటికీ సాగింది. తేడా ఎక్కడికి పోతుంది?”

ఆయన నవ్వు ఆగిపోయింది. తూకం రాయిని కింద పెట్టి, టేపు తీసుకుని తనే కొలిచాడు. పాతదాన్ని ఒకసారి, కొత్తదాన్ని రెండుసార్లు. ఆయన మొహంలో రంగులు మారుతుంటే టేపక్కకు ఒక పక్క జాలి, ఇంకో పక్క పట్టరాని కుతూహలం. నాలుగు నెలలుగా ఊరందరికీ చెప్పుకుని మురిసిపోయిన టైర్లే బావమరిదిని దొంగను చేశాయని ఆయనకు అర్థమవుతోంది. అర్థమయ్యాక ఏమంటాడో అని ఆమె చూస్తోంది.

ఆయన వెంటనే ఒప్పుకోలేదు. ఇనుము తూచి తూచి బతికిన మనిషి కదా. మీటరు పది అంటే పదకొండు నడిచిందనుకుందాం, అలా చూసినా తొమ్మిది పది అవుతుంది గానీ పన్నెండు కాదు, మిగతా రెండూ ఎక్కడికి పోయాయి అన్నాడు. గట్టిగా అనలేదు, తనలో తను అనుకున్నట్టే అన్నాడు. కాని దొడ్డి చిన్నది.

తమ్ముడు లోపలికి వెళ్ళి సంచీ తెచ్చాడు. జీపు ముందు, బావ కాళ్ళ దగ్గర పెట్టి, తాడు విప్పి నోరు తెరిచాడు.

“మిగతా రెండూ ఇందులో ఉన్నాయేమో చూసుకోండి.”

సంచీలో పైన ఉన్ని కోటు కనిపిస్తోంది. టేపక్క ఇద్దరి మధ్యకూ వెళ్ళబోయి ఆగింది. ఆయన వంగాడు. వంగినవాడు సంచీలో చెయ్యి పెడతాడేమోనని ఆమె కళ్ళు మూసుకుంది. పెడితే ఇక ఈ ఇంట్లో ఏదీ అతకదు.

ఆయన సంచీ వైపు చూడలేదు. సంచీ దగ్గర వంగినప్పుడు ముందు చక్రం నడిబొడ్డున ఉన్న గుండ్రటి బిళ్ళ ఆయన కళ్ళబడింది. ఆ బిళ్ళను చేత్తో ఒక వైపు తిప్పితే ఇంజను బలం ముందు చక్రాలకు కూడా అందడానికి సిద్ధంగా ఉంటుంది. బురదలో, ఇసుకలో దానితో పని. మామూలు రోడ్డు మీదికి రాగానే రెండో వైపు తిప్పి వదిలెయ్యాలి, లేకపోతే లోపలి ఇరుసులన్నీ ఊరికే తిరుగుతూ బండికి బరువవుతాయి.

“ఇది పట్టి ఉంది. ఎప్పటినుంచి?” అన్నాడు. గొంతులో కోపం లేదు. పాడైన తాళం తన చేతికొచ్చినప్పుడు ఉండే గొంతు అది.

తమ్ముడు కూడా వంగి బిళ్ళను చూశాడు. తరవాత చెప్పాడు. కొండ దారిలో దాటాల్సిన ఇసుక వాగు దగ్గర పొగమంచు పడుతుందని, అక్కడ కిందికి దిగి రెండు చక్రాల బిళ్ళలూ తిప్పేలోపు వెనకనుంచి లారీ వస్తే కనబడదని, ఒకసారి వెంట్రుకవాసిలో తప్పించుకున్నానని. ఆ రోజునుంచీ ఇంటి దగ్గరే తిప్పి బయలుదేరతాడట. తిరిగొచ్చాక కూడా వదలడట, మర్నాడు మళ్ళీ తిప్పాలి కదా అని.

“లారీ సంగతి నాకెప్పుడూ చెప్పలేదే” అంది టేపక్క.

“చెబితే నువ్వు నన్ను పంపిస్తావా అక్కా?”

ఆయన అప్పటికే టైరును బొటనవేలితో నొక్కి చూస్తున్నాడు. గాలి తక్కువగా ఉంది. వాగులో ఇసుకలో దిగబడకుండా కాస్త గాలి తీసేస్తున్నానని, అది బావ నేర్పిందేనని తమ్ముడు అన్నాడు. నిజమే, నేర్పింది ఆయనే. వాగు దాటాక మళ్ళీ గాలి కొట్టాలని కూడా నేర్పాడు. చేతి పంపుతో నాలుగు చక్రాలకూ కొట్టేసరికి వాన మాస్టారుకు ఆలస్యమవుతుంది, ఊళ్ళో గాలి మెషీను వాడు తెరిచే వేళకు జీపు కొండ మీద ఉంటుంది, అందుకని ఆ రెండో సగం ఎగిరిపోయింది. మెత్తటి టైరు రోడ్డును విడిచిపెట్టదు, ఇంజను దాన్ని లాక్కుంటూ పోవాలి.

ఇక ఒకదాని వెనక ఒకటి బయటపడసాగాయి. బావా బావమరుదులిద్దరూ జీపు కిందికి దూరారు. బయటికి నాలుగు చెప్పులు తప్ప ఏమీ కనబడటం లేదు, మాటలు మాత్రం వినిపిస్తున్నాయి. బ్రేకు రాచుకుంటోందేమో చూడు. లేదు, బాగానే ఉంది. గాలి వడపోసే డబ్బా ఎప్పుడు శుభ్రం చేశావు? చెయ్యాలని నాకెవరు చెప్పారు? డబ్బా విప్పితే కొండ దుమ్మంతా అందులోనే ఉంది. టేపక్క దాన్ని గోడకు తట్టింది. తమ్ముడు మలుపుల్లో చివరిదాకా యాక్సిలరేటరు తొక్కి అప్పుడు బ్రేకు వేస్తున్నాడని చాడీ కూడా చెప్పేసింది, సాక్ష్యానికి వాన మాస్టారు నుదురు ఉందంది. కింద ఎవరో నవ్వారు. ఇద్దరిలో ఎవరో ఆమెకు తెలియలేదు, తెలియకపోవడమే హాయిగా అనిపించింది.

“మరి ఆ పైన ఈల వేసేది ఎవరిది?” అంది కప్పు మీది చట్రాన్ని చూపించి.

 ఆయన బయటికి వచ్చి, మోచేతులకు అంటిన మట్టి దులుపుకుని, తను వెల్డింగు చేసిన చట్రం వైపు చాలాసేపు చూశాడు. దానిమీది సామానులో సగం ఈ నాలుగు నెలల్లో ఒక్కసారి కూడా కిందికి దిగలేదని తమ్ముడు చెప్పాడు. ఆయన స్పానరు తెచ్చి మరలు విప్పడం మొదలుపెట్టాడు. గొలుసు, పార మాత్రం బండి లోపల సీటు కింద పెట్టాడు. మిగతావి కొట్టులోకి పోయాయి. కప్పు మీద చట్రం ఉన్నంత మేర రంగు వెలవకుండా కొత్తగా ఉంది.

ఆఖరి మర విప్పేటప్పుడు చట్రానికి రెండో కొస పట్టుకున్నది తమ్ముడే. దాన్ని కిందికి దించాక, చేతులు దులుపుకుంటూ అన్నాడు.

“మీటరు ఎందుకు తక్కువ చూపిందో తెలిసిపోయింది బావా. దానికి నోరు లేదు, అడిగినా చెప్పలేదు. నాకుంది గదా. నన్ను అడగొచ్చు గదా.”

ఆయన చేతిలో మర ఉంది. దాన్ని అటూ ఇటూ తిప్పాడు. టేపక్కకు తన సంగతే గుర్తొచ్చింది. తను కూడా అడగలేదు. వాడు ఆ మాట బావతోనే అన్నాడు, ఆమె వైపు చూడలేదు, అయినా ఆమె తల దించుకుంది.

“అడగాల్సింది” అన్నాడు ఆయన. మర జేబులో వేసుకుని, “నోరు జారాను. ఆ బస్సు ఎక్కకు” అన్నాడు.

తమ్ముడు సంచీ వైపు చూశాడు గాని దాన్ని ముట్టుకోలేదు. వాడి మొహంలో ఏముందో టేపక్క చదవలేకపోయింది. ఉంటానని అనలేదు, పోతాననీ అనలేదు. రేపు పొద్దున మాస్టారు ఎదురుచూస్తాడు కదా అన్నాడు చివరికి.

“రేపు నేను తోలతాను” అన్నాడు ఆయన. “ఒక్క రోజు. ట్యాంకు అంచుదాకా పోసి పోతాను, వచ్చాక మళ్ళీ అంచుదాకా పోద్దాం. ఎంత పడుతుందో అదే తాగినట్టు. దూరానికి మీటరు వద్దు, రాళ్ళు చూసుకుందాం. నువ్వు తోలి మంచి మైలేజీ తెస్తే నా నోరు మూయించడానికి తెచ్చావనుకుంటారు. నేనన్న మాట ఎంత తప్పో నేనే చూసుకోవాలి.”

తమ్ముడు ఒప్పుకున్నాడు. అయితే షరతు పెట్టాడు, కొండ మీద మాస్టారు సామాను దించుకునేంతసేపూ ఇంజను ఆపెయ్యాలని, ఆ పొరపాటు తను రోజూ చేసేవాడినని. అది కూడానా అని ఆయన నెత్తి కొట్టుకున్నాడు. ఆ సాయంత్రం బస్సు హారను వీధి చివర వినిపించినప్పుడు తమ్ముడు పెరట్లో గాలి డబ్బా కడుగుతున్నాడు. హారను రెండోసారి కూడా మోగింది. టేపక్క కుట్టు మిషను తొక్కడం ఆపి విన్నది. బస్సు వెళ్ళిపోయింది. ఆమె జీవితంలో ఒక బస్సు తనవాళ్ళెవరినీ ఎక్కించుకోకుండా వెళ్ళడం అదే మొదటిసారేమో. ఆమె మిషను మీద తల ఆనించి కాసేపు అలాగే ఉండిపోయింది.

మర్నాడు గురువారం. గాలి మెషీను అతన్ని నిద్రలేపి మరీ టైర్లకు గాలి కొట్టించారు. చక్రాల బిళ్ళలు వదిలారు. వాగు దగ్గర పొగమంచు ఉంటే లైట్లు వేసి, బండిని పూర్తిగా పక్కకు తీశాకే దిగమని టేపక్క మూడుసార్లు చెప్పింది. ఆయన ప్రతిసారీ తలూపాడు. మూడోసారి, పెళ్ళినాడు కూడా నువ్వు నాకిన్ని మాటలు చెప్పలేదే అన్నాడు. రొట్టెలూ రెండు ఉడకబెట్టిన గుడ్లూ కట్టి ఇచ్చింది. మధ్యాహ్నానికే వచ్చేస్తాను, ఇవెందుకన్నాడు, అయినా పుచ్చుకున్నాడు.

“మలుపు కనబడగానే కాలు తీసెయ్యి బావా. బ్రేకుతో పని ఉండదు. నువ్వైనా మాస్టారు నుదురు కాపాడు” అన్నాడు తమ్ముడు కిటికీ పట్టుకుని.

“నీకు బండి నేర్పింది ఎవర్రా?” అన్నాడు ఆయన.

జీపు వీధిలోకి దిగింది. ఈల లేదు, గుయ్యిమనే మోత కూడా సగం తగ్గింది. ఇంత పెద్ద బండి ఇంత మెత్తగా పోవడం టేపక్క ఎప్పుడూ చూడలేదు. లీటరుకు పన్నెండు వస్తుందా, పదకొండుతో ఆగుతుందా అని తమ్ముడితో వాదిస్తూ గుమ్మంలోనే నిలబడింది. పదకొండున్నర అన్నాడు వాడు. ఆమె పన్నెండే అంది.

జీపు శుక్రవారం మధ్యాహ్నం ఇంటికి వచ్చింది, ఒక గీత కూడా పడకుండా. ఆమె భర్త రాలేదు. గురువారం పొద్దున కొండకు వెళ్ళిన మనిషి ఆ రోజు రాలేదు, ఆ తరవాత కూడా ఎన్నడూ రాలేదు. జీపును ఎవరు తెచ్చారో, ఆయన ఏమయ్యాడో వచ్చే వారం చెప్పుకుందాం.